సుబేదారు గారి మంచినీళ్లు

ఉత్తరాదిన, మునిర్కాలో నా గది పైన రిటైరైన సుబేదారు గారు ఒకాయన ఉండేవారు. మా గుంటూరు వైపు చేలగట్ల మీద నరికి తగలబెట్టే నాగజెముడుని ఆయన మేడ మీద రంగు కుండీల్లో పెంచేవారు. నీళ్లు పోసే అలవాటు మాత్రం లేదు, మొక్కలకైనా, మెట్లెక్కి వచ్చిన మనుషులకైనా.

జూన్‌లో ఊరెళ్తూ కుండీలు నాకప్పజెప్పారు.

"అచ్ఛా, విను. వీటికి నీళ్లు పోయొద్దు. జాలేస్తే నువ్వు తాగు."

వడగాలిలో వాటిని చూస్తే నాకు జాలేసింది. మంచివాణ్ని కదా, రోజూ చెంబెడు పోశాను.

నెల తర్వాత ఆయన వచ్చి, ముళ్లు తప్పించి ఒక్కో మొక్కనీ బొటనవేలితో నొక్కి చూశారు. అన్నీ మెత్తగా కుళ్లిపోయాయి. లోపలికెళ్లి, గ్లాసు నిండా మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చారు.

"తాగు."

మూడేళ్లలో ఆ ఇంట్లో నాకు దక్కిన మొదటి మర్యాద అదే.