వెర్లిన్ కాల్చిన నాలుగు మచ్చలు

మిన్నెసోటాలోని డూలూత్‌లో స్కూలు బస్సులు బాగుచేసే వెర్లిన్ స్ట్రోమ్, రెండు శీతాకాలాలు ధారపోసి, తన ఇంటి నేలమాళిగలో ఒక వీడియో గేమ్ పెట్టె కట్టాడు. మనిషెత్తు చెక్కపెట్టె, పక్కల రాకెట్ బొమ్మలు. వెర్లిన్ చిన్నప్పుడు ఆ ఊళ్లో మేవిస్ తోర్సన్ అనే ఆవిడ నడిపిన గేముల గదిలో అచ్చం ఇలాంటిదే ఉండేది. దీని లోపల మాత్రం అగ్గిపెట్టెంత కంప్యూటరొకటి కూర్చుని పనంతా చేస్తుంది. దాని ప్రస్తావన వెర్లిన్ తేడు. మర్యాదస్తులు కొన్ని విషయాలు మాట్లాడరు.

ఎనభై దాటిన మేవిస్ ఆదివారం చూడటానికి వస్తానంది. ఆవిడ నోట "ఇది మా గదిలోదే" అనిపించుకోవాలి. వెర్లిన్ కోరికల్లా అదొక్కటే.

చిక్కేమిటంటే పెట్టె మరీ కొత్తగా ఉంది. పాతదన్నాక మీటల దగ్గర సిగరెట్టు మచ్చలుండి తీరాలని పెట్టెలు కట్టేవాళ్ల శాస్త్రం. అగ్గిపుల్లతో కాలిస్తే అది దొంగమచ్చ. వెలిగించిన సిగరెట్టు అంచున పెట్టి, ఆటలో పడి మరిచిపోతే వచ్చేదే అసలు మచ్చ. జన్మలో పొగ తాగని వెర్లిన్ ఒక ప్యాకెట్టు కొని, రెండు దమ్ములు లాగి, దగ్గి, సిగరెట్టు అంచున పెట్టి, దాన్ని మరిచిపోవడానికి పక్కనే కాపలా నిలబడ్డాడు.

"యాభై ఎనిమిదేళ్లొచ్చాక సిగరెట్లు మొదలుపెట్టావా?" అంది మెట్లమీంచి భార్య ఆర్డిస్.

"నేను తాగట్లేదు. ఎవరో తాగినట్టు చేస్తున్నా."

"ఆ ఎవరికో దగ్గొస్తోంది. కాసిని మంచినీళ్లు పట్టించు."

మొత్తానికి నాలుగు మచ్చలు కుదిరాయి.

ఆదివారం చర్చి అయ్యాక మేవిస్ చేతికర్రతో ఒక్కో మెట్టూ దిగింది. పెట్టెను ఎగాదిగా చూసింది. మీట తిప్పింది. "ఊఁ," అంది. ఆ ఊళ్లో అది శాలువా కప్పడంతో సమానం. అంతలో ఆవిడ వేలు ఒక మచ్చ మీద ఆగింది.

"ఇదెవరి పని?"

"పాతరోజుల్లో మీ దగ్గర ఇలాగే ఉండేవి కదండీ..."

"నా దగ్గరా? ఇరవై రెండేళ్లు రోజూ వెనిగర్ నీళ్లతో తుడిచాను. ఎవరు కాల్చారని అడుగుతున్నా."

వెర్లిన్ మనసు ఒక్క క్షణం, మొన్న వచ్చిన ప్లంబరు మీదికి పోయి, సిగ్గుపడి తిరిగొచ్చింది. "నేనేనండీ."

మేవిస్ చేతికర్ర మెట్లవైపు లేచింది. "నడు బయటికి. అరగంట దాకా కనబడకు."

"ఇది మా ఇల్లండీ."

"ఇల్లు నీదే. గది నాది."

వెర్లిన్ వంటింట్లోకొచ్చి కూలబడ్డాడు.

"ఏమంది?" అంది ఆర్డిస్.

"గెంటేసింది. చిన్నప్పటిలాగే, అరగంట," అన్నాడు వెర్లిన్. మొహం చూస్తే పెళ్లికొడుకులా వెలిగిపోతోంది. కింద రాకెట్లు పేలుతున్నాయి. గడియారం చూసుకున్నాడు. ఇంకా ఇరవై తొమ్మిది నిమిషాలున్నాయి. ఒక్క నిమిషం ముందు దిగినా ఆవిడ ఊరుకోదు.