చొక్కా జేబులో డ్రెయిన్ ప్లగ్గు

1999లో సఖినేటిపల్లి రేవు పక్కన నాకు పడవల షెడ్డు ఉండేది. చేపల పడవలు, ఇసుక పడవలు కొత్తవి చేసేవాణ్ణి, పాతవాటికి పలకలు మార్చేవాణ్ణి. ముప్పై ఏళ్ల పనిలో ఎన్నో పడవలు నా చేతుల మీదుగా గోదావరిలోకి దిగాయి. వాటిలో ఒక్కదాని సంగతి మాత్రం ఇన్నాళ్లూ ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

ఆ ఏడాది రాజోలుకి బదిలీ మీద ఒక బ్యాంకు మేనేజరు గారు వచ్చారు. కాలేజీ రోజుల్లో విశాఖలో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నారట. అక్కడి నుంచే ఒక పాత ఫైబరు పడవని లారీ మీద తెప్పించి నా షెడ్డులో దింపారు. అలాంటి దాన్ని డింగీ అంటారు. ఇద్దరు ముగ్గురు సరదాగా తిరగడానికే తప్ప సరుకుకి పనికిరాదు. ఫైబరు పని నాకు కొత్త. కాకినాడ వెళ్లి నేర్చుకొచ్చి పగుళ్లు పూడ్చాను. సెంటర్ బోర్డ్, అంటే గాలికి పడవ పక్కకి కొట్టుకుపోకుండా అడుగున నీళ్లలోకి దించే పలక, విరిగిపోయి ఉంటే టేకుతో కొత్తది చేశాను. రెండు నెలలు పట్టింది. పడవ దిగిన రోజు మేనేజరు గారి పక్కన కూర్చునేది నేనే అనుకున్నాను.

సరిగ్గా ఆ వారమే సత్తిబాబు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చాడు. మా వీధివాడే, నాకంటే పదేళ్లు చిన్న. అక్కడ షికారు పడవలు కట్టేసి ఉంచే రేవులో పని. షెడ్డుకి వచ్చి చూస్తూ, నేను వేసిన తాడు ముడి ఒకటి విప్పి తన పద్ధతిలో వేశాడు. మేనేజరు గారి ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ తాళ్లకీ ముడులకీ నాకు తెలియని పేర్లు వాడుతూ మాట్లాడుకున్నారు. ఆ ఆదివారం చుక్కాని దగ్గర కూర్చున్నది సత్తిబాబు. నేను మోకాలి లోతు నీళ్లలో నిలబడి పడవని నెట్టాను.

అప్పటి నుంచి వాళ్లకి ఏ చిన్న ఇబ్బంది వచ్చినా నాకు లోపల పండగలా ఉండేది. ఒకసారి తెరచాపని ఎత్తే తాడు చేతిలోంచి జారి చాపకొయ్య పైకొసకి పోయింది. పడవని పక్కకి పడుకోబెట్టి అందుకోవాల్సి వచ్చింది. ఇంకోసారి నీళ్లు సముద్రం వైపు తీసే వేళ ఇసుక మేట మీద ఇరుక్కున్నారు. నా నాటు పడవ వేసుకెళ్లి లాక్కొచ్చాను. "మీరుండబట్టి సరిపోయిందండీ," అన్నాడు సత్తిబాబు. ఆ మాట కూడా గుచ్చుకుంది.

ఆ పడవ అడుగుకి రెండు పొరలు. మధ్య ఖాళీలో చేరిన నీరు పోవడానికి వెనక ఒక కన్నం, దానికి డ్రెయిన్ ప్లగ్ అనే మరబిరడా ఉంటాయి. ఒక శనివారం ఆ ప్లగ్గు నేనే విప్పి, నీరు కార్చి, చొక్కా జేబులో వేసుకున్నాను. ఆదివారం పొద్దున్న వాళ్లు పడవ దింపుతుంటే అది చేతికి తగిలింది. అన్నీ తెలిసినవాడు కదా, చూసుకోడా అనుకున్నాను. చూసుకోలేదు. చివరి నిమిషంలో మేనేజరు గారి భార్య కూడా మొదటిసారి ఎక్కారు. నీళ్లంటే భయం ఆవిడకి. అంచుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. అప్పుడైనా నా నోరు పెగల్లేదు.

పది నిమిషాలకి పడవ వెనక భాగం దిగిపోతున్నట్టు ఒడ్డు నుంచే తెలిసింది. చుక్కానికి తిరగడం లేదు. నాటు పడవ తోసుకుని తెడ్డు వేశాను. ఎంత వేసినా దూరం తరిగినట్టు లేదు. నేను చేరేసరికి సత్తిబాబు తెరచాప దించేసి, బరువు తగ్గించడానికి తను నీళ్లలోకి దిగి, తువ్వాలు ఉండచుట్టి కన్నంలో కుక్కి పట్టుకుని ఉన్నాడు. ఆవిడ కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నారు. భార్యాభర్తల్ని నా పడవలోకి ఎక్కించి, జేబులోంచి ప్లగ్గు తీసి వాళ్ల కంటపడకుండా సత్తిబాబు చేతిలో పెట్టాను. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. తువ్వాలు లాగేసి బిగించాడు.

ఒడ్డుకి చేరాక మేనేజరు గారు ఇది ఎవరి పొరపాటని అడిగారు.

"నాదేనండీ," అన్నాడు సత్తిబాబు. "దింపేముందు చూసుకోడం నా పనండీ. చూసుకోలేదు."

నాకు కృతజ్ఞత కలగలేదు. నిజం చెప్పాలంటే ఇంకా మండింది. పనిలోనే కాదు, మనిషితనంలో కూడా నాకంటే పైనున్నాడు.

తర్వాతి ఆదివారం మేనేజరు గారు ఒక్కరే వచ్చారు. సత్తిబాబుని వద్దన్నానని, ఇక నుంచి చుక్కాని నన్నే పట్టమని చెప్పారు. అన్ని వారాలుగా నేను కోరుకున్నది అదే. పడవలో ఒక కాలు పెట్టాను. రెండోది పెట్టలేకపోయాను.

"ఆవేళ ప్లగ్గు నా జేబులోనే ఉందండీ," అన్నాను. "తెలిసే ఊరుకున్నాను."

ఆయన నా వైపు తిరిగారు. "మా ఆవిడ ఎక్కేక కూడానా?"

"ఆయ్."

ఆ వారంలోనే పడవని అవతలి ఒడ్డుకి, నరసాపురం వైపు పెట్టించారు. సెలవు అయ్యేదాకా చుక్కాని మళ్లీ సత్తిబాబుదే. మేనేజరు గారు నా షెడ్డు గుమ్మం తొక్కలేదు. సత్తిబాబు మాత్రం వెళ్లేముందు వచ్చి, చెప్పకపోయినా గడిచిపోయేది కదా అన్నాడు. నాకు గడిచేది కాదని అతనికి చెప్పలేకపోయాను.

దీంతో నా ఈర్ష్య పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. వేరే మేస్త్రి చేసిన పడవ నాదానికంటే బాగుంటే ఇప్పటికీ ఆ పూట అన్నం సహించదు. కానీ ఎవరు చేసిన పడవ నీళ్లలోకి దిగుతున్నా ముందు వంగి చూస్తాను. ఒక్క మేకు వదులుగా కనిపించినా చెప్పేస్తాను. చెప్పేటప్పుడు నా గొంతు బావుండదని రేవులో అంటారు. గొంతు ఎలా ఉంటేనేం, పడవ కదిలేలోపు మాట అందాలి.