మా కోళ్లు వాడిన మందు

తొంభైల్లో, పెళ్లయి సోమందేపల్లికి వచ్చిన కొత్తలో నాకు జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. అత్త ఇచ్చిన క్యాప్సూళ్లకు తగ్గలేదు. పెనుకొండ డాక్టరు వాటిని చూసి, "ఇంట్లో ఇంకెవరన్నా ఇవి వాడతాండారా?" అని అడిగారు.

"మా కోళ్లు సార్. ఒకటి తుమ్మినా అన్నిటికీ సంగటిలో కలిపి పెడతా," అంది అత్త గొప్పగా. ఆసుపత్రి వరండాలో కూర్చున్నోళ్లందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది.

"కోళ్లలో క్రిములు ఈ మందుకు అలవాటుపడి మొండికేసింటాయి. అవే ఈమెకు సోకింటాయి," అని డాక్టరు వేరే మందు రాశారు. దాంతో తగ్గింది.

తర్వాత ఒక కోడి తుమ్మితే అత్త దాన్ని విడిగా గంప కింద మూసింది గానీ మందు పెట్టలేదు.

"అది చచ్చిపోతే ఎట్లత్తా?" అన్నాను.

"ఇంకోదాన్ని పొదిగిస్తా. నిన్ను యాడ పొదిగించేది?"

అత్త నోట నేను విన్న ముద్దుమాట అదొక్కటే. ఇప్పటికీ ఎక్కడ కోడి తుమ్మినా నాకు నవ్వొస్తుంది.