చదవకుండా ఎత్తిన చెయ్యి

ఇంగ్లండ్‌లోని లీడ్స్ లైబ్రరీలో నాకు అక్షరాలు నేర్పిన మేడమ్ ఒకప్పుడు జర్మనీలో వామపక్ష శాసనసభ్యురాలు. చదువూ వైద్యమూ అమ్మే సరుకులు కావనేవారు. ఆమె కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. టేకవే హోటల్ కరపత్రాన్నయినా అటూ ఇటూ తిరుగుతూ చివరిదాకా చదివేవారు.

మా క్లాసు మూసేస్తామంటూ నగర కౌన్సిల్ ఫారమ్ పంపింది. కొత్తగా సంతకం వచ్చిన గర్వంతో, ‘సమ్మతమే’ అన్నచోట పేరు రాసిచ్చేశాను.

"చదివే సంతకం పెట్టారా?" అని మేడమ్ అడిగారు.

"లేదు మేడమ్. తిడ్తరా?"

"ఏ మొహంతో తిట్టను? పార్టీ చెప్పిందని నేనూ సభలో ఓ బిల్లుకు చదవకుండానే చెయ్యెత్తాను. పేదల ఆసుపత్రి మూతపడింది. ఆ వారమే పార్టీ వదిలేశాను."

మర్నాడు ఇద్దరం కౌన్సిల్‌కు వెళ్లి నా సంతకం వెనక్కి అడిగాం. కారణం రాయమన్నారు. మేడమ్ పెన్ను ముట్టుకోలేదు. నేనే రాశాను: ‘నాకు ఇంకా సరిగా చదవడం రాదు. క్లాసు కావాలి.’