దండ వేయని పటం

మొన్న ఆదివారం ఆరాధన అయిపోయాక మా సంఘం చిన్న అయ్యగారు మైకులో నన్ను పిలిచి, సంఘంలో అందరికంటే పెద్దదాన్ని గనుక, కిందటేడు చనిపోయిన వాళ్ళ నాయన పటానికి నేనే దండ వేయాలని చెప్పి, బంతిపూల దండ తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. వేదిక పక్కన మనిషెత్తు పటం, చుట్టూ రంగు బల్బులు, ముందర కొవ్వొత్తులు. ఆ దండ బరువు చేతికి తగలగానే నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో నా ఈడువాళ్ళకు చెప్పుకుంటే అర్థమవుతుంది.

మాది పెద్దారవీడు పక్కన పల్లె. నా భర్త మార్కాపురం పలకల గనిలో రాయి చీల్చేవాడు. మా అత్తగారింట్లో గడప పక్కన పసుపు పూసిన రాయి ఒకటి ఉండేది, ఏటేటా దాని ముందర కోడిని కోసేవాళ్ళు. మేము బాప్తిస్మం తీసుకున్నాక ఆ రాయిని ఆయనే పెళ్ళగించి, "ఇట్లాంటివి పొద్దస్తమానం చీలుస్తానే నేను, లోపలంతా రాయే గదా" అని నవ్వాడు. ఆ రోజుల్లో పెద్ద అయ్యగారు, అంటే ఇప్పుడు పటంలో ఉన్న మనిషి, సైకిలు మీద వచ్చి చెప్పే వాక్యం కూడా ఎక్కువగా అదే, ఒకే చెట్టును నరికి సగం పొయ్యిలో పెట్టుకుని సగాన్ని చెక్కి మొక్కేవాడి సంగతి, ఆకాశాన్ని పరిచినవానికి ఏ రూపమూ సాటి రాదన్న సంగతి. నాకు అక్షరం రాదు, ఆ మాటను చెవులతోనే పట్టుకున్నాను, గట్టిగా పట్టుకున్నాను.

మా ఇంటాయన గని దుమ్ము రొమ్ముకు పట్టి, దగ్గి దగ్గి పోయాడు. ఆయన బొమ్మంటూ ఉన్నది ఒక్కటే, గని కార్డు కోసం తీయించుకున్నది. దాన్ని మార్కాపురం స్టూడియోలో పెద్దది చేయించి గోడకు తగిలించి, మూరెడు కనకాంబరాలు వేసి, పొద్దున్నే ఆ మొహం చూసి కూలికి పోయేదాన్ని. పెద్ద అయ్యగారు మా ఇంటికి ప్రార్థనకు వచ్చి, దాన్ని చూసి, చాప మీద కూర్చోకుండా నిలబడిపోయాడు.

"రాయి తీసేసి పటం పెట్టినావా అమ్మా? దానికీ దీనికీ తేడా ఏంది?"

పూలు తీసేస్తానంటే చాలదన్నాడు, పటం గోడ మీద ఉన్నంతకాలం ప్రార్థనలో నా కళ్ళు అటే పోతాయన్నాడు. అదీ నిజమే. దింపి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాను. మా ఆడబిడ్డ వాకిట్లో నిలబడి, "ఏంది వదినా, మా అన్నకు మూరెడు పూలు పెడితే ఆకాశమంత దేవునికి తక్కువైపోతాదా?" అని తిట్టిపోసి, మళ్ళీ నా గడప తొక్కలేదు. కొన్ని వానాకాలాలు పోయాక తీసి చూస్తే, చెమ్మకు మొహమంతా పొరలేచిపోయి చొక్కా గుండీలు మాత్రం మిగిలాయి. ఇప్పుడు ఆయనను తలుచుకుంటే మొహం రాదు, దగ్గు వినబడుతుంది. దేవుని కోసం ఇచ్చాననుకున్నాను గనుక అప్పుడు ఏడవలేదు.

అందుకే మొన్న ఆ దండను బెంచీ మీద పెట్టేశాను. చిన్న అయ్యగారు మైకు పక్కకు తిప్పి, "అవ్వా, ఇది మొక్కడం కాదు, గౌరవం" అన్నాడు.

"మా ఇంటాయనకు నేను చేసింది కూడా గౌరవమే నాయనా. మీ నాయన దాన్ని దింపించినాడు. ఆయన మాటే నేనింకా పట్టుకొని ఉన్నా."

వెనక బెంచీలో ఎవరో "ముసలమ్మకు కుళ్ళు" అని నవ్వారు. దండ ఇంకెవరో వేశారు. తల్లులు చూపిస్తుంటే పిల్లలు వరసగా వచ్చి ఆ అద్దాన్ని తాకి కళ్ళకద్దుకున్నారు.

దేవునికి సాటి లేదన్న మాట అబద్ధమని నేను అనను. ఆ మాటకు నా భర్త మొహాన్నే ఇచ్చినదాన్ని, ఇప్పుడు అబద్ధమంటే నాకేం మిగులుతుంది? అప్పట్లో మా మందిరం బోదగడ్డి కప్పిన కొట్టం, గోడకు సిలువ కూడా ఉండేది కాదు, చూడడానికి ఏమీ లేక అందరం కళ్ళు మూసుకునేవాళ్ళం, ఆ చీకట్లో దేవుడు ఎంత పెద్దవాడో తెలిసేది. ఇప్పుడు కింద టైల్స్, పైన ఫ్యాన్లు, గోడ మీద జానెడు ఖాళీ లేదు. ప్రార్థన చేద్దామని చెప్పినా ఎవరూ కళ్ళు మూయడం లేదు.