చీకట్లో చుట్టిన రీళ్లు

ఆ చిన్న దుకాణంలో సగం భర్త కెమెరాల మరమ్మతు, సగం భార్య కుట్టుమిషను. చిన్న సినిమా కెమెరాలకు పట్టే రీళ్లు బజారులో దొరకడం మానేసిన ఏడు, ఊళ్లో సరదాగా సినిమాలు తీసుకునే సంఘం వాళ్లు ఒక్కొక్కరే వచ్చి కెమెరాలు అమ్మిపెట్టమన్నారు. ఆయన మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"పొడుగాటి ఫిల్ము పెద్ద చుట్టలుగా దొరుకుతోందిగా. మనమే కోసి చిన్న రీళ్లకు చుట్టుకుంటే పోలా?" అంది ఆమె.

"తానులోంచి జాకెట్టు ముక్క కోయడం అనుకున్నావా? రవ్వంత వెలుతురు తగిలినా అంతా గోవిందా!"

"కళ్లు మూసుకుని సూదిలో దారం ఎక్కిస్తాను. ఇదో లెక్కా!"

కిటికీ లేని సామాన్ల గదిలోకి దూరి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కింది. అత్తగారు ఊరుకుంటుందా? "పట్టపగలు చీకట్లో కూర్చుని ఏం వెలగబెడుతోందో మా కోడలు!" అని వచ్చిపోయేవాళ్లందరికీ చెప్పింది.

మొదటి రీలు పాడైంది. ఆ ఫిల్ముకు ఒక అంచునే రంధ్రాలుంటాయి. ఆమె తిరగేసి చుట్టడంతో ఫిల్మును లాగే కెమెరా పళ్లు రంధ్రాల్లేని రెండో అంచును కరిచి చీల్చేశాయి. ఆయన పట్టకారుతో ఆ ముక్కల్ని కెమెరాలోంచి ఒక్కొక్కటే ఏరాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

చిరిగిన ఫిల్మునే ఒళ్లో వేసుకుని, కళ్లు మూసుకుని తడుముతూ కూర్చుంది. గుడ్డకు పైవైపేదో లోవైపేదో వేలికి తెలిసినప్పుడు ఇదెందుకు తెలియదు? రంధ్రాల అంచు గోటికి గరగరలాడింది. తడి పెదవికి ఆనిస్తే బొమ్మ పడే మందు పూసిన వైపు కాస్త అంటుకుంది, రెండో వైపు జారిపోయింది. అంతే, గుట్టు చిక్కింది. మళ్లీ గదిలోకి వెళ్లింది. ఈసారి ఆయన తీసిన బొమ్మలు అద్దంలా వచ్చాయి.

అమ్మకానికొచ్చిన కెమెరాలు యజమానుల దగ్గరికి తిరిగి వెళ్లిపోయాయి. సంఘం వాళ్లు ఆమె రీళ్లతోనే రేవు కూలీల మీద సినిమా తీసి, పెద్ద హాల్లో ఆడించారు. చివర్లో తెర మీద తీసినవాళ్ల పేర్లకంటే ముందు, ఫిల్ము చుట్టినవారు అంటూ ఆమె పేరొక్కటే నిండుగా పడింది.

"మా కోడలే!" అత్తగారు కుర్చీలోంచి లేచి అరిచింది. "చీకట్లో, ఉత్త చేతుల్తో చుట్టిందమ్మా!"

హాలంతా చప్పట్లు. ఇంకెవరైనా అయితే సిగ్గుతో ముడుచుకుపోయేవారు. ఆమె మాత్రం కొంగు సర్దుకుని, మెడ నిటారుగా పెట్టి, లేచి నిలబడింది.