చిప్పలో ఆముదం

మొన్న మా అమ్మాయి కాలేజీ ఫంక్షన్‌కి తయారవుతూ, చెమటకీ కన్నీళ్ళకీ చెరగదట అని మురుస్తూ కంటికి కాటుక పెన్సిల్ గీసుకుంటుంటే, పాతికేళ్ళుగా చెరగని కాటుక ఒకటి నాకు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఉద్దానంలో మా ఇంట చిన్నత్త, అంటే నాన్నగారి ఆఖరి చెల్లెలు, కళ్ళు ఎంత పెద్దవంటే మా సుమ్మాదేవి స్టేషన్‌లో ఆగని మెయిలు బళ్ళు కూడా ఆవిడ చూస్తే ఆగి, కూత వేయడం మరచిపోయేవి. చేతులు మాత్రం జీడిపిక్కలు కొట్టీ కొట్టీ, ఆ తొక్కలోని రసానికి తోలూడి పాము కుబుసంలా ఉండేవి. టెక్కలి నుంచి గుమస్తా సంబంధం వస్తోందనగానే, "ఇది కుదిరితే మరి పిక్కల మొకం సూడనే గుంటా, కాటుక బాగా సెయ్యి" అని ఆ పని నాకు అప్పగించింది.

దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, ఊరందరి పాపాలకీ సరిపడా మసి పట్టాను. తీరా రంగరిద్దామంటే ఆముదం సీసా ఖాళీ. వసారాలో కొబ్బరిచిప్పలో కాస్త కనబడింది. పిక్కలు కొట్టేటప్పుడు రసం అంటకుండా ఆడవాళ్ళు చేతులకి రాసుకునే ఆముదం అది. రసం అంటిన చేతులే అందులో మళ్ళీ మళ్ళీ ముంచుతారన్న సంగతి నా బుర్రకి తట్టలేదు, దానితోనే రంగరించి ఇచ్చేశాను.

పెళ్ళివారు పకోడీలు ముట్టేలోగా అత్త కళ్ళు పనసతొనల్లా ఉబ్బాయి. "ఏటమ్మా, కళ్ళకలకా? లెగరా, అంటుకుంటాది" అంటూ పెళ్ళికొడుకు తల్లి అతన్ని ఎంత వేగంగా లాక్కుపోయిందంటే, చెప్పు ఒకటి మా గుమ్మంలోనే ఉండిపోయింది. "బుగ్గన సుక్క ఎట్టమని మొత్తుకున్నాను, ఊరి దిష్టంతా కళ్ళలో కూకుంది" అని నాన్నమ్మ ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఆ పొగకి రెప్పల సందున మిగిలిన కాస్త చూపూ మూసుకుపోయింది. నేను చిప్ప వాసన చూసి, పెరట్లో పారబోసి, నోరు మూసుకున్నాను. ఎదురింటావిడది పాపిష్టి కన్నని నాన్నమ్మ తిడుతుంటే నేనూ రెండు తిట్లు అందించాను.

రెండేళ్ళకి అత్తకి పలాస సంబంధం కుదిరింది. మావయ్యది జీడి బట్టీ. ఇప్పటికీ పిక్కలే కొడుతోంది.

మొన్న మా ఇంట్లోనే ఉన్న అత్త, తోలూడిన వేళ్ళతో ఆ పెన్సిల్ అందుకుని, నా కూతురి రెండో కంటికి తనే గీస్తూ, నా వైపు చూడకుండానే అంది. "బయపడకే తల్లీ, ఇది కంపెనీది. మీ యమ్మ సేసింది కాదు."

ఇప్పుడెవరూ ఇంట్లో కాటుక పట్టరు. కళ్ళు మండితే తిట్టడానికి కంపెనీ ఉంటుంది. మా రోజుల్లో ఒకరి కళ్ళు ఇంకొకరి చేతిలో ఉండేవి. అత్త తనవి నా చేతిలో పెట్టింది, ఒక్కసారే. ఆ తర్వాత పెళ్ళిపీటల మీద కూడా ఆవిడ కాటుక పెట్టుకోలేదు.